యుద్ధంలో ఉన్నాడు, రికార్డులో లేడు: మాజీ సైనికుడి మెడల్ ఎక్కడ ఆగిపోతుంది?

ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల మెట్ట ఊళ్లలో 1971 యుద్ధం చూసొచ్చినవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. గిద్దలూరు, కనిగిరి, ఉదయగిరి వైపు వానొస్తేనే పంట అన్నట్టుండే పల్లెల నుంచి మిలిటరీకి పోవడం ఆ రోజుల్లో పెద్ద విశేషమేమీ కాదు. వాళ్ల ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున డిశ్చార్జ్ బుక్ ఒకటి ఉంటుంది. అందులో మెడల్స్ రాసే చోటు చూస్తే కొందరికి ఒక లైను తక్కువ పడి ఉంటుంది. ‘‘బార్డర్లోనే ఉండాను గదరా అబ్బయా, ఇదెందుకు రాయలా?’’ అంటాడు పెద్దాయన. మనవడు నెట్ సెంటర్లో ఒక అర్జీ టైప్ చేయించి, రక్షణ మంత్రి దగ్గర్నుంచి కలెక్టర్ దాకా అందరికీ కాపీలు పెట్టి పోస్టు చేస్తాడు. కొన్నాళ్లకు రికార్డ్ ఆఫీసు నుంచి రెండు లైన్ల జవాబు వస్తుంది: మీ సర్వీసు రికార్డు ప్రకారం ఈ మెడల్‌కు మీరు అర్హులు కారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ జవాబు తప్పు కాదు. రికార్డు ప్రకారం ఆయన నిజంగానే అర్హుడు కాడు. తప్పు రికార్డులో ఉంది, అర్జీ మాత్రం మెడల్ గురించి రాశారు. పొలం తాతల నాటి నుంచి మన సాగులోనే ఉన్నా అడంగల్లో పేరు ఎక్కకపోతే బ్యాంకులో లోను పుట్టదు. అప్పుడు మేనేజరుతో గొడవ పెట్టుకుని లాభం లేదు, ముందు తహసీల్దారు ఆఫీసులో అడంగల్ సరిచేయించుకోవాలి. ఇక్కడా అంతే. అడగాల్సింది మెడల్ కాదు, రికార్డులో పడకుండా పోయిన ఎంట్రీ. అది పడితే మెడల్ దానంతటదే వెనకాల వస్తుంది. ఏళ్ల తరబడి తిరిగే అర్జీల్లో చాలావాటికి ఈ ఒక్క తేడా తెలియకపోవడమే కారణమని నా అభిప్రాయం.

ముందు ఏ మెడలో తేల్చుకోవాలి

పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, సేనా మెడల్ లాంటివి సాహసానికి ఇచ్చేవి. వీటికి పై అధికారి సిఫార్సు రాయాలి. ఆ సిఫార్సు బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ దాటుకుంటూ ఢిల్లీ చేరాలి, అక్కడా ఒప్పుకోవాలి. ఇవి ఎవరికీ హక్కుగా రావు. రెండో రకం, యుద్ధంలోనో ఆపరేషన్‌లోనో పనిచేసినందుకు వచ్చేవి. ఫలానా తేదీల మధ్య, ఫలానా ప్రాంతంలో, ఉత్తర్వులో చెప్పిన షరతు ప్రకారం డ్యూటీలో ఉన్నవాళ్లందరికీ ఇవ్వాలి. వంటవాడికైనా కల్నల్‌కైనా ఒకటే మెడల్. వీటికి ధైర్యం నిరూపించక్కర్లేదు, అక్కడ ఉన్నట్టు నిరూపిస్తే చాలు.

యాభై ఏళ్ల తర్వాత పోరాడి గెలవగలిగేది సాధారణంగా ఈ రెండో రకమే. ‘‘నేను చేసిన పనికి వీర చక్ర రావాల్సింది’’ అని మొదలుపెట్టిన అర్జీ, దాంతోపాటు న్యాయంగా రావాల్సిన రెండో రకం మెడల్‌ని కూడా ముంచుతుంది. రెండూ ఒకే కాగితంలో కలపొద్దు.

1965 యుద్ధానికి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్ ఉన్నాయి. యుద్ధరంగంలో ఉన్నవాళ్లకు స్టార్, ఆ సమయంలో దళాల్లో ఉండి నిర్ణీత సర్వీసు పూర్తి చేసినవాళ్లకు రక్షా మెడల్. 1971కి వచ్చేసరికి పశ్చిమాన పోరాటం జరిగిన ప్రాంతంలో డిసెంబరు 3 నుంచి 17 వరకు పనిచేసినవాళ్లకు పశ్చిమీ స్టార్, తూర్పున డిసెంబరు 3 నుంచి 16 వరకు పనిచేసినవాళ్లకు పూర్వీ స్టార్ ఏర్పాటు చేశారు. సంగ్రామ్ మెడల్ పరిధి ఇంకా పెద్దది: జమ్మూకశ్మీర్, పంజాబ్, రాజస్థాన్, గుజరాత్, పశ్చిమ బెంగాల్, అస్సాం లాంటి రాష్ట్రాల్లో 1971 డిసెంబరు 3 నుంచి 1972 డిసెంబరు 20 మధ్య పనిచేసినవాళ్లది. ఇక 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకు స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్ వచ్చింది, దానికి యుద్ధంతో సంబంధం లేదు. కార్గిల్‌కు ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్ అని మళ్లీ ఇదే పద్ధతిలో రెండు.

ఈ జతల వల్ల ఒక మేలుంది. డిశ్చార్జ్ బుక్‌లో సంగ్రామ్ మెడల్ ఉండి పశ్చిమీ స్టార్ లేదంటే, ఆయన ఆ రాష్ట్రాల్లో ఉన్నాడని సైన్యం ఒప్పుకున్నట్టే. పోరాటం జరిగిన చోట ఉన్నట్టు మాత్రం కాగితం చేరలేదు. అంటే నిరూపించాల్సింది మొత్తం సర్వీసు కాదు, ఆ పదిహేను రోజులు. సంగ్రామ్ కూడా లేకపోతే చిక్కు ఇంకా లోతుగా ఉన్నట్టు: ఆ ఏడాది ఆయన పోస్టింగే రికార్డులో వేరే చోట చూపిస్తూ ఉండాలి.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సాహస పతకాలకు నెలవారీ భత్యం ఉంది. 2017 ఆగస్టు నుంచి పరమవీర చక్రకు నెలకు 20,000 రూపాయలు, వీర చక్రకు 7,000, సేనా మెడల్‌కు 2,000. పశ్చిమీ స్టార్ వల్ల మాత్రం నెలకు ఒక్క రూపాయి రాదు. మెడల్ ఎక్కిస్తే పెన్షన్ పెరుగుతుందని చెప్పి ఖర్చులకు డబ్బులడిగేవాళ్లు ఎవరైనా తగిలితే వాకిట్లోంచే పంపించేయండి. డబ్బుతో ముడిపడ్డ మెడల్ ఇంకొకటుంది, దాని సంగతి తర్వాత.

ఎంట్రీ ఎలా పుడుతుంది, ఎక్కడ జారిపోతుంది

సైనికుడి జీవితంలో జరిగే ప్రతి మార్పుకీ యూనిట్ ఒక ఉత్తర్వు వేస్తుంది. పెళ్లి, బిడ్డ పుట్టడం, ప్రమోషన్, లీవు, పోస్టింగ్, ఆస్పత్రి, మెడల్ అన్నీ అందులోకే వస్తాయి. దాన్ని పార్ట్ టూ ఆర్డర్ అంటారు. ఆ కాగితం రికార్డ్ ఆఫీసుకు చేరితే అక్కడి గుమాస్తా ఆయన షీట్ రోల్‌లో (సర్వీసు వివరాలన్నీ రాసే పత్రం) ఎక్కిస్తాడు. సర్వీసు అయిపోయిన రోజు షీట్ రోల్‌లో ఏముందో అదే డిశ్చార్జ్ బుక్‌లోకి దిగుతుంది. అంటే డిశ్చార్జ్ బుక్ మూడో కాపీ. మనం చూసేది మూడో కాపీలో ఖాళీ. అసలు ఖాళీ మొదటిదాంట్లో ఉందా, రెండోదాంట్లో ఉందా అన్నదే ప్రశ్న.

యుద్ధం ముగిశాక మెడల్‌కు ఎవరెవరు అర్హులో యూనిట్ పేర్ల పట్టిక తయారుచేసి పంపుతుంది. దాన్ని సరిచూసి మంజూరు చేస్తారు, ఆ మేరకు పార్ట్ టూ ఆర్డర్ పడుతుంది. వినడానికి సులువుగానే ఉంది. ఇప్పుడు ఒక మనిషిని అనుకుందాం. కనిగిరి పక్క పల్లె, ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు. 1971 నవంబరులో లారీతో సహా ఆయన్ని ఒక ఫిరంగుల రెజిమెంటుకు అటాచ్ చేశారు. డిసెంబరులో శకర్‌గఢ్ సెక్టార్లో, బసంతర్ నది వైపు, రాత్రిళ్లు లైట్లు ఆర్పుకుని గుండ్లు మోశాడు. (రెండో లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ డిసెంబరు 16న ట్యాంకులో ప్రాణాలిచ్చింది ఆ బసంతర్ పోరులోనే.) కాల్పులు ఆగాయి, కొన్ని వారాలకు డ్రైవరు సొంత కంపెనీకి తిరిగొచ్చాడు, ఆ వెంటనే వేరే ఊరికి పోస్టింగ్ మీద వెళ్లిపోయాడు.

తర్వాత మెడల్ పట్టిక రాసే రోజు వచ్చింది. ఫిరంగుల రెజిమెంటు గుమాస్తా తన మనుషుల పేర్లు రాశాడు, డ్రైవరు వాళ్ల మనిషి కాదు. సొంత కంపెనీ గుమాస్తా యుద్ధరంగంలో ఉన్న తన ప్లటూన్ల పేర్లు రాశాడు, ఈయన ఆ రోజుల్లో వాళ్లతో లేడు. ఈలోపు పోస్టింగ్ అయిపోయింది, కొత్త యూనిట్‌కు పాత సంగతి తెలియదు. ఇందులో ఎవరూ మోసం చేయలేదు, ఎవరికీ ఈయన మీద కోపం లేదు. మూడు పట్టికల మధ్య సందులో ఒక మనిషి జారిపోయాడు, అంతే. అటాచ్‌మెంట్ మీద వెళ్లిన డ్రైవర్లు, సిగ్నల్స్ వాళ్లు, ఈఎంఈ (వాహనాలు, ఆయుధాలు బాగుచేసే విభాగం) మెకానిక్‌లు, మెడికల్ వాళ్లు ఇలా జారే అవకాశం సొంత బెటాలియన్‌లో ఉన్న సిపాయి కంటే ఎక్కువ. గాయపడి ఆస్పత్రికి తరలిపోయినవాళ్లదీ ఇదే కథ: పట్టిక రాసే నాటికి వాళ్లు యూనిట్ బలగం లెక్కలో ఉండరు.

కాబట్టి ఇంట్లో కూర్చుని పెద్దాయన్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎక్కడ పోరాడావు తాతా’ కాదు. ‘ఆ నెల నీ జీతం ఏ యూనిట్ ఇచ్చింది, అన్నం ఏ యూనిట్ లంగర్లో తిన్నావు?’ రెండూ వేరువేరు పేర్లయితే జారిన చోటు దొరికినట్టే.

కాగితాలు రాబట్టడం

వాదన మొదలుపెట్టే ముందు రికార్డులో ఏముందో మన కళ్లతో చూడాలి. ఆర్మీలో ఒక్కో విభాగానికి ఒక్కో రికార్డ్ ఆఫీసు. ఫిరంగులవాళ్లది నాసిక్ రోడ్, ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ (ఆయుధ సామగ్రి) వాళ్లవి సికింద్రాబాద్, మద్రాస్ శాపర్లది (ఇంజినీర్లు) బెంగళూరు, మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, మెడికల్ కోర్‌ది లక్నో. నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు వేరే ఆఫీసులు. మెడల్ అర్జీ ఢిల్లీకి రాసినా చివరికి తిరిగొచ్చేది ఈ గుమ్మానికే.

దారి సమాచార హక్కు చట్టం. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, లేదంటే ఆన్‌లైన్‌లో కట్టడం. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే, ఇచ్చింది సరిగా లేకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఇక్కడ చాలామంది ‘నాకు మెడల్ ఎందుకు ఇవ్వలేదు?’ అని అడుగుతారు. అది సమాచారం కాదు, వివరణ. ఉన్న కాగితం కాపీ ఇవ్వమని అడిగే హక్కు ఉంది కానీ, లేని సంజాయిషీ రాసిమ్మని అడిగే హక్కు ఈ చట్టంలో లేదు. ‘నా నంబరు ఫలానా, నా షీట్ రోల్ మొత్తానికి, 1971 అక్టోబరు నుంచి 1972 జూన్ వరకు నా పేరున పడిన పార్ట్ టూ ఆర్డర్లకు సర్టిఫైడ్ కాపీలు ఇవ్వండి’ అని రాస్తే తప్పించుకునే సందు తగ్గుతుంది.

యూనిట్ వార్ డైరీ (యుద్ధం రోజుల్లో యూనిట్ రోజువారీ రాసే పుస్తకం) కాపీ కావాలంటే మాత్రం దేశ భద్రత పేరుతో కాదనే వీలుంది. 20 ఏళ్లు దాటిన సంగతులకు చట్టంలోని చాలా మినహాయింపులు తొలగిపోతాయి, కానీ భద్రత మినహాయింపు అలాగే ఉంటుంది. 2021 జూన్‌లో రక్షణ శాఖ ఒక విధానం ప్రకటించింది. వార్ డైరీల్లాంటివి శాఖ చరిత్ర విభాగానికి అప్పగించాలి, మామూలుగా 25 ఏళ్లకు రహస్య ముద్ర తీసేయాలి, అంతకంటే పాతవి నిపుణులు పరిశీలించాక నేషనల్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. అర్జీలో ఈ విధానాన్ని ప్రస్తావిస్తూ, డైరీ మొత్తం కాకుండా ఫలానా తేదీన ఫలానా అటాచ్‌మెంట్ నమోదైన భాగం మటుకే అడగడం తెలివైన పని.

ఇంకో ఇబ్బంది. పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్లు దాటాక నాశనం చేయడం ఆర్మీ నిబంధనల్లో ఉన్న పద్ధతే. అలాంటివాళ్లకు మిగిలేది లాంగ్ రోల్ అనే పుస్తకంలో కొద్దిపాటి వివరాలు. ‘కాగితాలు కాల్చేశాం’ అని జవాబొస్తే కంగారుపడకుండా లాంగ్ రోల్ ఎంట్రీ కాపీ అడగాలి. రికార్డు పోవడం మన దగ్గరే జరిగే వింత కాదు. అమెరికాలో 1973 జులై 12న సెయింట్ లూయిస్ రికార్డు కేంద్రం తగలబడి కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల ఫైళ్లు బూడిదయ్యాయి. అయితే అక్కడ సైనిక రికార్డుల్లో తప్పులు దిద్దడానికే 1946 నాటి చట్టం కింద ప్రత్యేక బోర్డులున్నాయి. ఒక ఫారం నింపి, ఉన్న ఆధారాలు జతచేసి పంపితే కోర్టు గడప తొక్కకుండానే విచారిస్తారు. తప్పు తెలిసిన మూడేళ్లలోగా అడగాలన్న నియమం ఉన్నా, న్యాయం కోసం దాన్ని సడలించే అధికారం బోర్డుకే ఉంది. మనకు అలాంటి బోర్డు లేదు. తప్పు ఎవరి పుస్తకంలో ఉందో వాళ్లకే అర్జీ పెట్టుకోవాలి, కాదంటే సాయుధ దళాల ట్రిబ్యునల్. డెబ్బై ఎనభై ఏళ్ల మనిషికి ఆ రెంటి మధ్య ఇంకో మెట్టు లేకపోవడం మన వ్యవస్థలో పెద్ద లోపం.

ట్రంకుపెట్టెలో ఆధారాలు

షీట్ రోల్ కాపీ వచ్చాక అందులో లేని విషయాన్ని బయటి కాగితంతో నిలబెట్టాలి. ఇంటివాళ్లు పట్టించుకోని వాటిలో అన్నిటికంటే విలువైంది పాత ఇన్‌లాండ్ లెటర్. యుద్ధం రోజుల్లో జవాను రాసిన ఉత్తరం మీద అతని నంబరు, ర్యాంకు, యూనిట్ పేరు, కింద 56 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) అనో 99 ఏపీవో అనో ఉంటుంది. 56 ఢిల్లీ మీదుగా నడిచే టపా, అంటే పడమర, ఉత్తర సరిహద్దుల వైపు. 99 కలకత్తా మీదుగా తూర్పు వైపు. దాని మీద ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర, అందులో ఆ పోస్టాఫీసు నంబరు, తేదీ. మన డ్రైవరు 1971 డిసెంబరులో ఇంటికి రాసిన ఉత్తరంలో ‘ఇక్కడ చలి ఎక్కువ, నేను బాగున్నాను’ అని తప్ప ఏమీ ఉండకపోవచ్చు, సెన్సారు రాయనివ్వదు కూడా. కానీ పంపినవారి చిరునామాలో సొంత కంపెనీ బదులు ఫిరంగుల రెజిమెంటు పేరుంటే అది బంగారం. ఆ ముద్ర వేసింది ఆర్మీ పోస్టల్ సర్వీసు. దాన్ని యాభై ఏళ్ల తర్వాత ఎవరూ పుట్టించలేరు.

మనీఆర్డరు కూపన్లు, పే బుక్, లీవు సర్టిఫికెట్, మూవ్‌మెంట్ ఆర్డరు, ఆస్పత్రి డిశ్చార్జ్ చీటీ కూడా ఇదే కోవలోవి. ఉత్తరాన్ని లామినేషన్ చేయించొద్దు, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు. రెండు వైపులా ముద్ర కనబడేట్టు రంగు ఫొటో తీయించి కాపీలు పంపాలి.

తోటి సైనికుల అఫిడవిట్లు పనికొస్తాయి, కానీ వాటికి ఎంత బరువుంటుందన్నది రాసే తీరు మీద ఉంటుంది. ‘ఈయన ధైర్యవంతుడు, దేశభక్తుడు’ అని నోటరీ దగ్గర రాయించిన పేజీ ఎందుకూ పనికిరాదు. ‘నా నంబరు ఇది, నేను ఫలానా బ్యాటరీలో (ఫిరంగుల రెజిమెంటులో ఒక భాగం) ఉన్నాను, ఫలానా తేదీల మధ్య ఈయన మా గన్ పొజిషన్‌కు గుండ్లు తెచ్చేవాడు, నాకు పశ్చిమీ స్టార్ ఉంది, నా డిశ్చార్జ్ బుక్ పేజీ జతచేశాను’ అంటే సాక్ష్యం. అప్పటి బ్యాటరీ ఆఫీసర్ బతికి ఉండి ఒక ఉత్తరం రాసిస్తే ఇంకా మంచిది.

ఇక పేరూ ఊరూ. మన ప్రాంతంవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. భర్తీ అయిన రోజు హిందీ గుమాస్తాకు ఇంటిపేరు అర్థంకాక వదిలేశాడు, లేదా ఇంటిపేరునే అసలు పేరు చేశాడు. వెంకటేశ్వర్లు ఒక చోట వెంకటేశ్వర రావు అయ్యాడు. ఆధార్‌లో ఒకటి, డిశ్చార్జ్ బుక్‌లో ఒకటి, పెన్షన్ ఆర్డరులో ఇంకొకటి. జిల్లా సంగతి ఇంకా తమాషా. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నుంచి 1970కి ముందు చేరినవాళ్ల రికార్డులో జిల్లా నెల్లూరు. మార్కాపురం, గిద్దలూరు వాళ్లది కర్నూలు. ఒంగోలు, అద్దంకి, చీరాల వాళ్లది గుంటూరు. 1970 ఫిబ్రవరి 2న ఈ మూడు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది. మనిషి కదల్లేదు, ఇల్లు కదల్లేదు, జిల్లా మాత్రం మారుతూ వచ్చింది. ఢిల్లీలోనో నాసిక్‌లోనో కూర్చున్నవాళ్లకు ఇది తెలియాల్సిన అవసరం లేదు. చిరునామా కలవలేదన్న ఒక్క ముక్కతో ఫైలు పక్కన పెడతారు. అర్జీలోనే ఒక పేరా రాసి, ‘ఇద్దరూ ఒకే వ్యక్తి’ అనే అఫిడవిట్ జతచేస్తే ఒక చుట్టు ఉత్తరాలు తప్పుతాయి. నెల్లూరులో, ఒంగోలులో ఉన్న జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు బాగా పనికొచ్చేది ఇక్కడే. మెడల్ మంజూరు చేసే అధికారం వాళ్లకు లేదు కానీ, ఈ మనిషే ఆ మనిషి అని ధ్రువీకరించి, కవరింగ్ లెటరుతో పంపితే రికార్డ్ ఆఫీసు దాన్ని మామూలు అర్జీలా చూడదు.

అర్జీ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉండాలి, పేజీన్నర మించకూడదు. అసలు కోరిక ఇలా ఉంటే సరిపోతుంది: ‘నేను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా రెజిమెంటుకు అటాచ్ అయినట్టు నా షీట్ రోల్‌లో నమోదు కాలేదు. జతచేసిన ఆధారాల ప్రకారం ఆ నమోదు చేసి, సవరణ పార్ట్ టూ ఆర్డర్ వేయించి, దాని ఆధారంగా పశ్చిమీ స్టార్ అర్హతను మళ్లీ పరిశీలించండి. కుదరదంటే కారణం చూపుతూ ఉత్తర్వు ఇవ్వండి.’ చివరి వాక్యం మర్యాద కోసం రాసేది కాదు. తర్వాత ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే చేతిలో ఉండాల్సింది ఆ ఉత్తర్వే.

గాయం దగ్గర లెక్క మారుతుంది

డబ్బుతో ముడిపడ్డ మెడల్ అన్నాను కదా, అది శత్రువు చర్య వల్ల గాయపడ్డవాళ్లకు ఇచ్చే పరాక్రమ్ పదక్. దీన్నే ఊండ్ మెడల్ (గాయం మెడల్) అని కూడా అంటారు. మెడల్ వల్ల నేరుగా సొమ్ము రాదు. కానీ ఆ మెడల్‌కు మూలమైన ఎంట్రీ వల్ల వస్తుంది. గాయం రిపోర్టులో ‘బ్యాటిల్ క్యాజువాల్టీ’ (యుద్ధ గాయం) అని రాశారా, ‘ఫిజికల్ క్యాజువాల్టీ’ (యుద్ధంతో సంబంధం లేని గాయం) అని రాశారా అన్నదాని మీద పెన్షన్ రకమే మారిపోతుంది. 2001 జనవరి 31 నాటి రక్షణ శాఖ ఉత్తర్వు వైకల్యాలను ‘ఏ’ (A) నుంచి ‘ఈ’ (E) వరకు అయిదు తరగతులు చేసింది. డ్యూటీలో ప్రమాదం ‘సీ’ (C), యుద్ధ గాయం ‘ఈ’ (E). సర్వీసు పూర్తిచేసుకుని దిగినవాళ్లకు వంద శాతం వైకల్యం ఉంటే మామూలు డిజేబిలిటీ భాగం ఆఖరి జీతంలో 30 శాతం, అదే యుద్ధ గాయమైతే 60 శాతం. తక్కువ వైకల్యానికి ఆ దామాషాలో తగ్గుతుంది.

‘ఈ’ (E) తరగతిలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సరిహద్దు దగ్గర ఆపరేషన్ కోసం మందుపాతరలు పరుస్తున్నప్పుడో, తీస్తున్నప్పుడో పొరపాటున పేలి గాయమైనా అది ‘ఈ’ (E) తరగతే. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్‌లో సరిహద్దు పొడవునా మైన్లు పరిచారు. అప్పట్లో కాలో చెయ్యో పోగొట్టుకున్న మనిషి పేపర్లలో ‘డ్యూటీలో ప్రమాదం’ అని మటుకే ఉంటే, శత్రువు కాల్చలేదు కదా అని సర్దుకోవక్కర్లేదు. ఇంజురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ (సైన్యం లోపలి విచారణ) ఫలితం, మెడికల్ బోర్డు కాగితాలు మూడూ తెప్పించి పక్కపక్కన పెట్టి చూడాలి. మెడల్ అర్జీ కంటే ముందు ఇది నడపడం మంచిది.

కాదంటే ట్రిబ్యునల్

2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ 2009 నుంచి పనిచేస్తోంది. ఆంధ్రప్రదేశ్ చెన్నై బెంచి పరిధిలో ఉంది. రిటైరైనవాళ్లు తాము ఉంటున్న ప్రాంతాన్ని బట్టి కేసు వేసుకోవచ్చు, భార్య, వారసులు కూడా వేయొచ్చు. అర్జీ పెట్టుకుని, తిరస్కరణ ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోగా వెళ్లాలి. అర్జీ పెట్టాక ఆరు నెలలైనా జవాబు రాకపోతే, అక్కడ్నుంచి ఇంకో ఆరు నెలలు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది.

యాభై ఏళ్ల ఆలస్యాన్ని మన్నిస్తారా? ఇక్కడే మెడల్ కేసు, పెన్షన్ కేసు వేరవుతాయి. నెలనెలా రావాల్సిన పెన్షన్ తక్కువ రావడం రోజూ కొనసాగే అన్యాయం కాబట్టి ఆలస్యమైనా వినొచ్చని, బకాయిలు మటుకు మామూలుగా మూడేళ్లకే పరిమితమని సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది. మెడల్ ఇవ్వకపోవడం ఒక్కసారి జరిగిన సంగతి, ఆ వాదన దానికి అంత సులువుగా అతకదు. ఎన్నో ఏళ్ల కిందటి సంగతి మీద ఇప్పుడొక అర్జీ పడేసి, దానికి జవాబు తెచ్చుకుని, గడువు ఇవాళ్టి నుంచి లెక్కపెట్టమంటే కుదరదని అదే ఏడాది సి. జాకబ్ కేసులో ఇంకో తీర్పు ఉంది. అందుకే ‘ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదు’ అన్న ప్రశ్నకు జవాబు అర్జీలోనే ఉండాలి. షీట్ రోల్ కాపీ ఫలానా తేదీన చేతికొచ్చేదాకా ఎంట్రీ పడలేదని తెలియదనడం నిజమైతే అదే బలమైన జవాబు. సమాచార హక్కు జవాబు వచ్చిన కవరు, దాని మీది పోస్టు ముద్ర దాచుకోమనేది అందుకే.

సాహస పతకాల్లో ట్రిబ్యునల్ వేలు పెట్టదా అంటే, ఫలానా పతకం ఇవ్వండని ఆదేశించడం చాలా అరుదు. కానీ రికార్డు తప్పని తేలితే దాన్ని దిద్దమనగలదు. కార్గిల్ యుద్ధంలో బటాలిక్ సెక్టార్‌లో 70వ బ్రిగేడ్‌ను నడిపిన బ్రిగేడియర్ దేవీందర్ సింగ్ కేసు దీనికి ఉదాహరణ. యుద్ధ నివేదికలో తన పాత్రను తగ్గించి రాశారన్నది ఆయన ఫిర్యాదు. ఆయనకు దక్కింది విశిష్ట సేవా మెడల్, అది యుద్ధంలో చూపిన సాహసానికి ఇచ్చేది కాదు. 2010లో ట్రిబ్యునల్ ఆ నివేదిక పక్షపాతంతో ఉందని తేల్చి, రికార్డు సరిచేయమంది. గమనిస్తే ఒక బ్రిగేడియర్ కూడా గెలిచింది పతకం మీద కాదు, రికార్డు మీదే.

ఎంట్రీ పడ్డాక మెడల్ చేతికి రావడానికి ఇంకొన్నాళ్లు పట్టొచ్చు. ఈలోపు పట్టుబట్టాల్సింది సవరణ పార్ట్ టూ ఆర్డరు నంబరు, తేదీ కోసం. డిశ్చార్జ్ బుక్‌ను పోస్టులో పంపమంటే ప్రతి పేజీ కాపీ తీసుకున్నాకే పంపాలి. కొత్త లైను కింద రికార్డ్ ఆఫీసు సంతకం, సీలు ఉన్నాయో లేదో చూసుకుని, ఒక కాపీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇవ్వాలి. గాయం ఎంట్రీ మారినవాళ్లు అక్కడితో ఆగకూడదు. పెన్షన్ ఆర్డరుకు సవరణ వచ్చి, రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో కొత్త అంకె కనబడేదాకా ఆ ఫైలు మూయొద్దు.